మహమ్మారి తగ్గకముందే బడి తెరవాలా? మూసి, తెరిచి, మళ్ళీ మూసిన అనుభవంతో నా జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ బడి కమిటీ అత్యవసర ప్రణాళిక ఒకటి రాస్తోంది. కోవిడ్ లాంటిది మళ్ళీ వస్తే బడి మూసేసి ఆన్‌లైన్‌కి వెళ్ళాలా, లేక జబ్బు బయట తిరుగుతుండగానే పిల్లల్ని తరగతికి రప్పించాలా అన్న దగ్గర సభ్యులు రెండుగా చీలిపోయారు. రప్పిస్తే ముందు ఏ తరగతి వాళ్ళని అన్నది మీ రెండో ప్రశ్న. ఏమైనా సరే మేం పంపం అనే తల్లిదండ్రులతో ఎలా వేగాలన్నది మూడోది.

నేను 31 ఏళ్ళు బడిలో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు హెడ్‌మాస్టర్‌ని. కోవిడ్ కాలంలో బడికి తాళం వేసిందీ నేనే, తీసిందీ నేనే, తీశాక ఒకసారి రెండు వారాలు మళ్ళీ వేసిందీ నేనే. డాక్టర్ని కాను. వైరస్ గురించి చెప్పేదంతా చదివి తెలుసుకున్నది. పిల్లల గురించి, టీచర్ల గురించి చెప్పేది కళ్ళారా చూసింది.

సూటిగా చెప్పాలంటే, తెరవాలి. మూయాల్సిన వాటి జాబితా రాస్తే బడి అట్టడుగున ఉండాలి, తెరవాల్సిన వాటి జాబితాలో అన్నిటికంటే పైన ఉండాలి. కాకపోతే దీనికి రెండు షరతులున్నాయి. ఆ జబ్బు పిల్లల్ని ఏం చేస్తుందో కాస్తయినా తెలిసి ఉండాలి. తరగతి గదిలో గాలి మారుతూ ఉండాలి. ఈ రెండూ లేకుండా తెరవండి అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఈ రెండూ ఉన్నాక కూడా నెలల తరబడి మూసి ఉంచుదాం అనేవాళ్ళతో అసలే ఏకీభవించను.

మొదటి షరతు సంగతి చూద్దాం. 2020 మార్చిలో బడులు మూసేయడం తప్పని నేను అనను. కొత్త శ్వాసకోశ వైరస్ అనగానే అందరికీ గుర్తొచ్చింది ఫ్లూ. ఫ్లూని ఇంటింటికీ మోసుకెళ్ళేది ఎక్కువగా పిల్లలే. 1957లో ఆసియా ఫ్లూ అమెరికాలో విజృంభించింది వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచాకే. 2009 స్వైన్ ఫ్లూ కూడా ముసలివాళ్ళకంటే పిల్లలకే ఎక్కువగా అంటుకుంది. ఆ లెక్కన మూయడం సబబే. తీరా చూస్తే కోవిడ్ తీరు వేరు. వయసు పెరిగేకొద్దీ ప్రాణాపాయం మెట్లెక్కినట్టు కాకుండా గోడెక్కినట్టు పెరిగింది. సోకిన పదేళ్ళ పిల్లకీ, సోకిన 75 ఏళ్ళ తాతకీ మధ్య తేడా వెయ్యి రెట్లకు పైమాటే. పిల్లలకి ఏమీ కాలేదని కాదు. సోకిన రెండు నుంచి ఆరు వారాల తరవాత గుండె సహా పలు అవయవాలు వాచే ఎంఐఎస్-సి అనే సమస్య కొందరికి వచ్చింది, అది ఆషామాషీ జబ్బు కాదు. కానీ అది అరుదు. ఈ సంగతి 2020 వేసవి నాటికే చాలావరకు తెలిసింది. తెలిశాక కూడా ఏడాది, ఏడాదిన్నర బడులు మూసి ఉంచడాన్నే నేను తప్పంటున్నాను.

కాబట్టి మీ ప్రణాళికలో మొదటి ప్రశ్న ఈ జబ్బు ఏ వయసువాళ్ళని కొడుతోంది అన్నదే కావాలి. రేపు వచ్చేది పోలియోలాగా పిల్లలనే వెతుక్కుంటూ వచ్చేదైతే నేను ఇక్కడ రాసిందంతా పక్కన పెట్టేయండి, తాళం వేయండి. అది తేలేదాకా రెండు మూడు వారాలు మూసినా ఎవరూ తప్పుపట్టరు. మూసిన రోజే, మళ్ళీ ఎప్పుడు కూర్చుని ఆలోచిస్తామో ఆ తేదీ కూడా రాసుకోండి. మేం ఆ పని చేయలేదు. "తదుపరి ఉత్తర్వుల వరకు" అని గేటుకి అంటించిన కాగితం ఎండకి పసుపెక్కి, వానకి చిరిగి, చివరికి అక్షరాలు కనిపించకుండా పోయింది. ఉత్తర్వులు రాలేదు.

ఇక బడి మూస్తే ఏం పోతుంది అన్న విషయం. కమిటీల్లో దీన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు: "చదువు కాస్త వెనకబడుతుంది, తరవాత పూడ్చుకోవచ్చు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, అందుకే కాస్త విడమర్చి చెబుతాను.

2005 అక్టోబరులో పాకిస్తాన్ ఉత్తర భాగంలో పెద్ద భూకంపం వచ్చింది. అక్కడి బడులు సగటున 14 వారాలు మూతపడ్డాయి. నాలుగేళ్ళ తరవాత పరిశోధకులు వెళ్ళి పిల్లల్ని పరీక్షిస్తే, భూకంప ప్రాంతానికి దగ్గరలో ఉన్న పిల్లలు దూరంగా ఉన్నవాళ్ళకంటే దాదాపు ఏడాదిన్నర చదువు వెనకబడి ఉన్నారు. పోయింది మూడు నెలలైతే వెనకబడింది ఏడాదిన్నర ఎలా అయింది? బడులు తెరిచాక టీచర్లు ఆ తరగతి సిలబస్ ఎక్కడ ఉండాలో అక్కడి నుంచి మొదలుపెట్టారు, పిల్లలు ఎక్కడ ఉన్నారో అక్కడి నుంచి కాదు. పరిశోధకులు చూపిన కారణాల్లో ఇదొకటి. రైలు ఎక్కలేని పిల్లవాడు ప్లాట్‌ఫాం మీదే ఉండిపోతే, రైలు దూరమవుతూ పోతుంది కదా, అలాగన్నమాట. అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా బయటపడింది: కనీసం ప్రైమరీ చదువు పూర్తిచేసిన తల్లి ఉన్న ఇళ్ళలో పిల్లలు ఇలా వెనకబడలేదు. అంటే బడి మూత దెబ్బ అందరికీ సమానంగా తగలదు. ఇంట్లో చదివించేవాళ్ళు లేని పిల్లలకే ఎక్కువ తగులుతుంది.

ఆన్‌లైన్ ఉందిగా అంటారు. నెదర్లాండ్స్ సంగతి చూడండి. ఇంటింటా వేగంగా నడిచే ఇంటర్నెట్ ఉన్న దేశం, 2020 మొదటి లాక్‌డౌన్‌లో ప్రైమరీ బడులు మూసింది ఎనిమిది వారాలే. ముందూ వెనకా జరిగిన పరీక్షల మార్కులు పోల్చి చూస్తే, పిల్లలు పోగొట్టుకున్నది దాదాపు ఏడాది చదువులో ఐదో వంతు. ఏడాదిలో ఐదో వంతు అంటే దాదాపు ఎనిమిది వారాలే! స్క్రీన్ ముందు కూర్చున్న ఎనిమిది వారాల్లో వాళ్ళు నేర్చుకున్నది ఇంచుమించు శూన్యం అన్నమాట. అక్కడ కూడా తల్లిదండ్రులు తక్కువ చదువుకున్న ఇళ్ళలో నష్టం 60 శాతం దాకా ఎక్కువ. అన్ని సదుపాయాలున్న చోటే ఇలా ఉంటే, లేనివాళ్ళ మాట ఏమిటి? 2020 ఆగస్టులో యునిసెఫ్ వేసిన లెక్క ప్రకారం, బడులు మూతపడినప్పుడు ప్రపంచంలో కనీసం 46.3 కోట్ల మంది పిల్లలకి ఆన్‌లైన్ గానీ టీవీ గానీ రేడియో గానీ, ఏ రూపంలోనూ పాఠం అందే దారే లేదు. బడి పిల్లల్లో ఇది ఇంచుమించు మూడో వంతు.

మా బడి తెరిచిన మొదటి వారం ఒకటో తరగతి గదిలో వెనక బెంచీలో కూర్చున్నాను. లెక్క ప్రకారం వాళ్ళు రెండో తరగతి పిల్లలు, కానీ ఒకటో తరగతి గది మొహం చూసింది లేదు. ఒక పిల్లవాడు పెన్సిల్‌ని చెంచా పట్టుకున్నట్టు గుప్పిట్లో పట్టుకున్నాడు. టీచర్ వేళ్ళు విడదీసి సరిచేసింది. చెయ్యి వదలగానే మళ్ళీ గుప్పిట. వాడు ఏడాది పాటు ఆన్‌లైన్ క్లాసులకి "హాజరు" అయినవాడే, రిజిస్టర్‌లో వందకి 90కి పైగా హాజరు ఉంది. వాడి వేళ్ళని ఏడాదిలో ఎవరూ చూడలేదు. కెమెరాలో కనిపించేది మొహమే కదా. పక్కనున్న పిల్ల టాయిలెట్‌కి వెళ్ళాలని అడగడానికి నోరు రాక అలాగే కూర్చుని ఉండిపోయింది. ఇవేవీ మార్కుల్లో కనిపించవు.

చదువు ఒక్కటే కాదు. ఎబోలా వచ్చినప్పుడు సియెర్రా లియోన్‌లో బడులు దాదాపు తొమ్మిది నెలలు మూతపడి 2015 ఏప్రిల్‌లో తెరుచుకున్నాయి. ఈ మధ్యకాలంలో చాలామంది ఆడపిల్లలు గర్భవతులయ్యారు. తెరిచేటప్పుడు ప్రభుత్వం గర్భంతో ఉన్న పిల్లలు బడికి రాకూడదని నిషేధం పెట్టింది. ఆ నిషేధం ఎత్తేసింది 2020 మార్చి చివర్లో. సరిగ్గా అప్పుడే కోవిడ్ పేరుతో బడులు మళ్ళీ మూతపడ్డాయి. ఉగాండాలో బడులు 2020 మార్చిలో మూస్తే పూర్తిగా తెరిచింది 2022 జనవరిలో. రెండేళ్ళకి రెండు నెలలు తక్కువ. పన్నెండేళ్ళ పిల్ల పద్నాలుగేళ్ళ పిల్ల అయ్యేంత కాలం అది. ఆ వయసులో బడి మానినవాళ్ళు మళ్ళీ రావడం ఎంత కష్టమో బడిలో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు.

ఇక్కడే ఇంకో ప్రశ్న వేసుకోవాలి. బడికి రాని పిల్లవాడు ఎక్కడ ఉంటాడు? కమిటీలో మాట్లాడేటప్పుడు అందరి మనసులో ఉండే బొమ్మ ఒకటే: పిల్లవాడు తన గదిలో, తల్లిదండ్రుల కళ్ళముందు, క్షేమంగా ఉన్నాడు. 1918 ఫ్లూలో న్యూయార్క్ ఆరోగ్య శాఖ కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ ఈ ప్రశ్ననే వేసుకున్నాడు. ఆ నగరంలో దాదాపు పది లక్షల మంది బడి పిల్లల్లో మూడొంతుల మంది ఉండేది ఇరుకు అద్దె గదుల్లో. అక్కడికంటే విశాలమైన బడి గదులే నయమనీ, అక్కడైతే రోజూ పొద్దున్నే టీచర్లు, నర్సులు చూసి జబ్బు చేసినవాళ్ళని ఏరేస్తారనీ చెప్పి బడులు తెరిచే ఉంచాడు. షికాగో కూడా అదే దారి పట్టింది. నేను వాళ్ళు చేసిందల్లా ఒప్పని చెప్పడం లేదు. కానీ ప్రశ్న సరైనది. మా పిల్లల్లో చాలామంది మూసిన రోజుల్లో ఉన్నది తాతల, అమ్మమ్మల దగ్గరే. ఏ వయసువాళ్ళని కాపాడాలని బడి మూశామో, సరిగ్గా వాళ్ళ ఒళ్ళోనే పిల్లల్ని కూర్చోబెట్టాం.

సరే, రెండో షరతుకి వస్తాను. ఇక్కడ నా తప్పులు ముందు ఒప్పుకోవాలి. మొదటిసారి తెరిచేముందు మేం చేసిన పనులు ఇవి: గేటు దగ్గర జ్వరం చూసే గన్ను, కాలితో తొక్కే శానిటైజర్ స్టాండు, నేలమీద తెల్ల పెయింటుతో గుండ్రాలు, బెంచీలమీద రోజూ మందు పిచికారీ, టీచరు ముందు ప్లాస్టిక్ తెర. ఫొటోలు బాగా వచ్చాయి. అదే సమయంలో మా ప్రైమరీ బ్లాకులో సగం కిటికీలు పెయింటు గడ్డకట్టి తెరుచుకునేవి కావు. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మమ్మల్ని పూర్తిగా తప్పుపట్టలేరు లెండి. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థే కోవిడ్ గాలిద్వారా వ్యాపించదని ట్విట్టర్‌లో ప్రకటించింది. ఆ మాట సరిదిద్దుకోవడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా ప్రపంచమంతా బెంచీలు తుడుస్తూ కూర్చుంది.

ఒక టీచర్ ఎక్కడి నుంచో కార్బన్ డయాక్సైడ్ మీటర్ తెచ్చేదాకా నా కళ్ళు తెరుచుకోలేదు. చిన్న గడియారమంత ఉంటుంది. బయటి గాలిలో అది దాదాపు 420 చూపిస్తుంది. అంటే పది లక్షల పాళ్ళ గాలిలో 420 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ అని. మనం వదిలే ఊపిరిలో అది దాదాపు 40,000. కాబట్టి గదిలో అంకె పెరుగుతోందంటే ఒకరు వదిలిన ఊపిరిని ఇంకొకరు పీలుస్తున్నారని అర్థం. కిటికీలు మూసిన గదిలో 35 మంది పిల్లలు కూర్చుంటే ఒక పీరియడ్ అయ్యేసరికి మీటరు 1900 చూపించింది. లెక్క కట్టి చూశాం: పిల్లవాడు పీల్చే ప్రతి 27 శ్వాసల్లో ఒకటి ఇంకెవరో వదిలినదే. ఎదురెదురు కిటికీలు, తలుపు బార్లా తెరిస్తే పావుగంటలో 900కి దిగింది. ఆ రోజు సాయంత్రమే వడ్రంగిని పిలిపించాం.

ఆ తరవాత మా నియమం ఒక్కటే: మీటరు 800 దాటితే ఏదో ఒకటి తెరవాలి, 1200 దాటితే పిల్లల్ని పది నిమిషాలు బయటికి పంపాలి. పిల్లలకి ఇది ఆటలా తయారైంది. ఐదో తరగతి వాళ్ళు వంతులు వేసుకుని మీటరు కాపలా కాసేవారు. అన్నట్టు, సీలింగ్ ఫ్యాను గాలిని తిప్పుతుందే గానీ మార్చదు. మామూలు ఏసీ అయితే ఇంకా మోసం, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతూ ఉంటుంది. కిటికీలు తెరవలేని గది ఉంటే గాలిలోని సన్నటి కణాల్ని పట్టే హెపా ఫిల్టరు పెట్టండి. లేదంటే మామూలు ఫ్యానుకి నాలుగైదు ఫిల్టర్లు పెట్టెలా బిగించి చేసే కోర్సీ–రోసెన్‌థాల్ బాక్స్ ఉంది, హైస్కూలు పిల్లలే ఒక పూటలో తయారుచేయగలరు. ఫిల్టరు వైరస్‌ని పడుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ని పట్టదు, కాబట్టి ఆ గదిలో మీటరు అంకె తగ్గలేదని కంగారుపడకండి.

ఇది నా సొంత పైత్యం కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రపు ప్రైమరీ బడుల్ని 2020 చివర్లో పోల్చి చూశారు. గాలి మార్పిడి మెరుగుపరిచిన బడుల్లో కేసులు 39 శాతం తక్కువ. కిటికీలతోపాటు ఫిల్టర్లు కూడా పెట్టిన చోట 48 శాతం తక్కువ. టీచర్లు, సిబ్బంది తప్పనిసరిగా మాస్క్ పెట్టుకున్న చోట 37 శాతం తక్కువ. దీనికి అడ్డంగా ఇజ్రాయెల్ ఉదాహరణ చూడండి. 2020 మే మధ్యలో అక్కడ బడులన్నీ ఒకేసారి, పెద్ద తరగతులతో తెరిచారు. ఆ వెంటనే వడగాడ్పులు. పిల్లలు ఉక్కపోతకి తట్టుకోలేరని మాస్కుల నుంచి మూడు రోజులు మినహాయింపు ఇచ్చారు, కిటికీలు మూసి ఏసీలు వేశారు. జెరూసలేంలో ఒక్క హైస్కూల్లోనే 153 మంది విద్యార్థులకి, 25 మంది సిబ్బందికి సోకింది. బడి తెరవకూడదని చెప్పేవాళ్ళు ఈ ఉదాహరణే చూపిస్తారు. నాకు మాత్రం బడి ఎలా తెరవకూడదో చెప్పే ఉదాహరణ ఇది.

గాలి కోసం కిటికీలు తీసి చదువు చెప్పడం కొత్తదేమీ కాదు. క్షయ భయంతో 1904లోనే బెర్లిన్ పక్కన చార్లొటెన్‌బర్గ్‌లో చెట్లకింద బడి పెట్టారు. 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో చలికాలంలో సైతం ఒకవైపు గోడంతా కిటికీలు తెరిచి, పిల్లల్ని దుప్పటి సంచుల్లో కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర వేడిచేసిన రాళ్ళు పెట్టి పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో మీటర్లు లేవు, బుద్ధి ఉంది.

టీచర్ల సంగతి చెప్పకపోతే ఈ జవాబు అన్యాయంగా ఉంటుంది. "పిల్లలకి ఏం కాదు" అనే వాదన బలంగా వినిపించే కమిటీల్లో టీచర్లు కూడా మనుషులేనన్న సంగతి మరుగున పడిపోతుంది. దీనికి స్వీడన్ మంచి ఉదాహరణ. 2020 వసంతంలో అక్కడ 16 ఏళ్ళ లోపు పిల్లల బడులు తెరిచే ఉంచారు, పై తరగతులు మాత్రం ఆన్‌లైన్‌కి మార్చారు. ఒకే దేశంలో, ఒకే కాలంలో రెండు రకాల టీచర్లు ఉన్నారు కాబట్టి పోల్చడం కుదిరింది. బడికి వెళ్ళిన టీచర్లలో కోవిడ్ నిర్ధారణ అయినవాళ్ళు ఇంటి నుంచి చెప్పినవాళ్ళకంటే సుమారు రెట్టింపు. పిల్లల తల్లిదండ్రుల్లో తేడా మాత్రం కొద్దిగానే ఉంది, 17 శాతం. బడి తెరిస్తే ఆ భారం మోసేది ముందు టీచర్లే అని ఇంతకంటే స్పష్టంగా చెప్పే లెక్క నేను చూడలేదు.

అందుకే తెరవమని అడిగే తల్లిదండ్రులు టీచర్ల తరఫున కూడా అడగాలి: టీకా ఉంటే ముందు వరసలో వాళ్ళకి, మంచి మాస్కులు వాళ్ళకి, ఒంట్లో బాగాలేనప్పుడు జీతం కోత లేని సెలవు. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. సెలవు పెడితే జీతం పోతుందంటే జలుబు చేసిన టీచర్ పారాసిటమాల్ మింగి క్లాసుకి వస్తుంది. నేనూ అలా వచ్చినవాడినే, మహమ్మారికి ముందు రోజుల్లో. షుగరు, గుండె జబ్బు లాంటివి ఉన్న పెద్దవయసు టీచర్లకి ఇంటి దగ్గరున్న పిల్లల బాధ్యత అప్పగించాం. వాళ్ళు ఫోన్లలో, కాగితాల్లో ఆ పని చూసుకున్నారు.

మేం రెండు వారాలు మళ్ళీ మూయాల్సి వచ్చింది ఎక్కడి నుంచో తెలుసా? తరగతి గది నుంచి కాదు, స్టాఫ్‌రూమ్ నుంచి. గదుల్లో అన్నీ పాటించేవాళ్ళం. మధ్యాహ్నం మాత్రం పద్నాలుగు మందిమి ఒకే బల్ల చుట్టూ మాస్కులు తీసి, డబ్బాలు విప్పి, కబుర్లు చెప్పుకుంటూ తినేవాళ్ళం. ఏడుగురు పడిపోయాం. పాఠం చెప్పడానికి మనుషుల్లేక మూశాం తప్ప పిల్లల్లో వ్యాపించి కాదు. ఆ తరవాత ఇంగ్లండ్ లెక్కలు చదివాను. 2020 జూన్‌లో అక్కడ బడులు కొంతమేర తెరిచినప్పుడు వచ్చిన కొద్దిపాటి వ్యాప్తిలో కూడా పిల్లలకంటే సిబ్బందే ఎక్కువట. ముందే చదివి ఉంటే స్టాఫ్‌రూమ్‌కి తాళం వేసేవాణ్ణి. ఆ తరవాత చెట్టుకింద తిన్నాం.

ముందు ఎవరిని రప్పించాలన్న ప్రశ్నకి నా జవాబు మీ కమిటీలో చాలామందికి నచ్చకపోవచ్చు. దాదాపు అన్నిచోట్లా జరిగిందేమిటంటే, పబ్లిక్ పరీక్షలు ఉన్నాయి కాబట్టి పెద్ద తరగతుల్ని ముందు పిలిచారు. చిన్నవాళ్ళు "ఏముంది, ఏబీసీడీలే కదా" అని చివరికి నెట్టేశారు. నేనూ అదే చేశాను. తలకిందుల పని అది. పదిహేనేళ్ళ పిల్లవాడికి చదవడం వచ్చు, ఇబ్బందిగానైనా పుస్తకంతో, స్క్రీన్‌తో నెట్టుకొస్తాడు. ఆరేళ్ళ పిల్లకి చదవడమే రాదు, స్క్రీన్ మీద అక్షరం చూసి ఏం చేస్తుంది? పైగా కోవిడ్‌లో చిన్నపిల్లలకంటే పెద్దపిల్లల ద్వారానే ఎక్కువ వ్యాపించింది. డెన్మార్క్ దీన్ని సరిగ్గా పట్టుకుంది. 2020 ఏప్రిల్ 15న బడులు తెరిచినప్పుడు ముందుగా పిలిచింది ఐదో తరగతి వరకు ఉన్న చిన్నపిల్లల్నే. చిన్న చిన్న గుంపులుగా చేసి, ఒక గుంపు ఇంకో గుంపుతో కలవకుండా, వీలైనంతసేపు ఆరుబయటే ఉంచారు. పెద్దవాళ్ళు తరవాత వచ్చారు.

కాబట్టి వరస ఇలా రాసుకోండి: ముందు ఒకటి, రెండు తరగతులు, వాళ్ళతోపాటు ఏ తరగతివాళ్ళైనా సరే, ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు, వినికిడి, చూపు లోపాలున్నవాళ్ళు, ఇంట్లో పరిస్థితి బాగాలేదని టీచర్లకి తెలిసినవాళ్ళు. తరవాత మిగతా ప్రైమరీ. పరీక్షల తరగతి ఆ తరవాతే. పరీక్ష తేదీ మార్చవచ్చు, ఆరేళ్ళ వయసు మార్చలేం.

తెరిచిన మొదటి నెల సిలబస్ జోలికి వెళ్ళకండి. భూకంపం కథ గుర్తుంది కదా. ఒక్కో పిల్లవాడితో ఐదు నిమిషాలు కూర్చుని ఒక పేరా చదివించి, రెండు తీసివేతలు చేయించి, ఎక్కడ ఉన్నాడో చూసి, తరగతితో నిమిత్తం లేకుండా స్థాయిని బట్టి రోజూ గంటసేపు గుంపులు చేయండి. నాలుగో తరగతివాడు రెండో తరగతి గుంపులో కూర్చుంటే నామోషీ అంటారు తల్లిదండ్రులు. కూర్చోకపోతే అంతకంటే పెద్ద నామోషీ ఏడో తరగతిలో ఎదురవుతుంది.

మళ్ళీ ఎప్పుడు మూయాలో కూడా తెరవకముందే రాసి పెట్టుకోండి. ఒక కేసు రాగానే ఫోన్లు మోగడం మొదలవుతాయి, ఆ టెన్షన్‌లో తీసుకునే నిర్ణయం ఎప్పుడూ బడి మొత్తం మూసేయడమే అవుతుంది. మా రెండో ప్రయత్నంలో నియమం ఇది: ఒక గదిలో వారంలో ఒకదానితో ఒకటి ముడిపడిన మూడు కేసులు వస్తే ఆ గది ఒక్కటే ఐదు రోజులు మూత. టీచర్లలో నాలుగో వంతు లేకపోతే తరగతులు వంతులవారీగా. ఆస్పత్రుల్లో పడకలు నిండిపోతున్నాయని ఆరోగ్య శాఖ చెబితే బడి మొత్తం, అది కూడా రెండు వారాల గడువుతో. ఈ అంకెలు శాస్త్రం కాదు, మాకు మేం గీసుకున్న గీతలు. మీ గీతలు వేరే కావచ్చు, గీతంటూ ఉండాలి. ఒక పిల్లవాడికి వస్తే పక్కనున్న పాతికమందినీ పదిరోజులు ఇంటికి పంపడం మాత్రం అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 2021లో 201 బడుల్లో దీన్ని పరీక్షించారు: కొన్ని బడుల్లో దగ్గరగా మెలిగినవాళ్ళని పది రోజులు ఇంట్లో ఉంచారు, మిగతా వాటిలో రోజూ ర్యాపిడ్ టెస్టు చేసి నెగెటివ్ వస్తే తరగతిలో కూర్చోనిచ్చారు. వ్యాప్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టెస్టు కిట్లు దొరికితే ఈ దారి పట్టండి.

చివరిగా, పంపం అనే తల్లిదండ్రులు. వాళ్ళతో వాదించకండి. హాజరు లేదని పేరు తీసేస్తామని అసలే బెదిరించకండి. మొదట్లో నేను మీటింగ్ పెట్టి లెక్కలన్నీ చెప్పాను, శాతాలతో సహా. ఒక్కరు కూడా మారలేదు. తరవాత ఊరుకుని, మీటరు పట్టుకుని, ఎవరైనా వచ్చి తరగతి గది చూసుకోవచ్చని చెప్పాను. పొద్దున పూట ఒక్కొక్కళ్ళుగా వచ్చేవారు. కిటికీ దగ్గర నిలబడి అంకె చూసేవారు, పిల్లల మధ్య దూరం చూసేవారు, టీచర్ మాస్క్ ముక్కు కిందికి జారిందేమో చూసేవారు. నెల తిరిగేసరికి చాలామంది పంపారు.

ఒకావిడ చివరిదాకా పంపలేదు. ఇంట్లో అత్తగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆవిడ లెక్క ఆవిడది, ఆవిడ స్థానంలో ఉంటే నేనూ పంపేవాణ్ణి కాదు. ప్రతి సోమవారం ఆ పిల్లవాడి పని కవర్లో పెట్టి గేటు దగ్గర ఇచ్చేవాళ్ళం, శుక్రవారం తీసుకునేవాళ్ళం. ఇంటి దగ్గరున్న పిల్లల్ని చూసే మా పెద్ద టీచర్ రోజు విడిచి రోజు ఫోన్‌లో వాడితో పావుగంట చదివించేది. అత్తగారికి రెండో డోసు టీకా పడిన మూడో వారం వాడు బడికి వచ్చాడు. రాగానే అడిగింది మీటరు కాపలాలో తన వంతు ఎప్పుడని.